హారన్ మోగేలోపు తొమ్మిది గుంటలు

మా కండక్టరక్క పోయిందని మొన్న పొద్దున డ్రైవరన్న ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపొచ్చింది. కానీ ఫోన్ పెట్టేసే సరికి ఇద్దరం ఆవిడ గోల్ఫ్ సంగతే మాట్లాడుకుంటూ నవ్వుతున్నాం. ఆవిడను తలుచుకుంటే దిగులు ఎంతోసేపు నిలవదు మరి.

తొంభైల చివర నేను అలియాబాద్ బడిలో టీచర్ని. సాయంత్రం ఇంటికి వెళ్ళడానికి శామీర్‌పేటలో ఆవిడ బస్సే ఎక్కేదాన్ని. ఆ బస్సుకు అదే చివరి స్టాపు, తిరిగి బయలుదేరే ముందు అక్కడ అరగంట పైనే ఆగేది. స్టాపు పక్కనే, కంచె అవతల, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, తీరిక లేనివాళ్ళ కోసం తొమ్మిది గుంటల చిన్న గోల్ఫ్ మైదానం పెట్టారు. టికెట్ కొంటే ఎవరైనా ఆడవచ్చు, కర్రలు వాళ్ళే ఇస్తారు. నేను జంకితే, "టికెట్ తీసుకున్నోళ్లను ఎవరాపుతరు టీచరమ్మా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

మొదటి రోజు చిర్రగోనె, అదే బిళ్ళంగోడు, ఆడినట్టే ఆడాం. ఎక్కువ దెబ్బలు కొట్టినవాళ్ళే గెలిచినట్టనుకుని ఆవిడ గంతులు వేసింది కూడా. తక్కువ కొట్టినవాళ్ళదే గెలుపని మైదానం చూసుకునే పెద్దాయన చెప్పాక, గిదేం ఆట అని నడుం మీద చేతులు పెట్టుకుని, మర్నాటి నుంచి పంతం పట్టింది.

టికెట్ల సంచి మాత్రం ఒంటి మీంచి తీసేది కాదు. అది అడ్డం వస్తుందని కర్ర సగమే ఎత్తి కొట్టేది. ఆవిడ దగ్గర నేర్చుకున్న నేను, మీరు నవ్వినా సరే, ఏ సంచీ లేకుండానే ఇప్పటికీ అలాగే కొడతాను.

బస్సు కదిలేలోపు తొమ్మిది గుంటలూ పూర్తి చేయాలి, అదొక్కటే ఆవిడ కోరిక. ఎప్పుడూ ఏడో దానిదగ్గరో ఎనిమిదో దానిదగ్గరో హారన్ మోగేది. ఇంకొక్క దెబ్బే కదా అని బతిమాలినా వినేది కాదు.

"బస్సుల కూసున్నోళ్లు ఇంటికి పోవాలె. మన ఆట వాళ్ల మీద పడొద్దు" అని బంతి జేబులో వేసుకుని పరుగెత్తేది. నా సరదా ఇంకొకరికి భారమవుతున్నప్పుడల్లా ఆ మాటే నన్ను ఆపింది.

ఒక సాయంత్రం గుంట నుంచి గుంటకు ఉరుకులు పెట్టాం. తొమ్మిదోది రోడ్డు పక్కనే, చిన్న గేటు దగ్గర ఉండేది. బంతి గుంటకు బారెడు దూరంలో ఉండగా హారన్ మోగింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. వంగి బంతి తీయబోయింది. అంతలో బస్సు కదిలింది, కండక్టర్ లేకుండానే! మెల్లగా పాకుతూ మా దగ్గరికి వచ్చాక డ్రైవరన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"టైముకు బస్సు ఎల్లింది అక్కా. ఇగ నువ్వు కానియ్, జల్దీ."

జనమంతా మా వైపు కిటికీల దగ్గరికి చేరారు. ఆవిడ కొట్టింది. బంతి అంచు చుట్టూ ఒక చుట్టు తిరిగి లోపల పడింది. బస్సంతా ఒక్కసారిగా కేక వేసింది. కర్ర అక్కడే వదిలేసి, గేటు దాటి, ఆవిడ ఒక్క గంతులో ఫుట్‌బోర్డు ఎక్కింది, వెనకే నేను. "రైట్ రైట్" అనబోయి నవ్వు ఆపుకోలేకపోయింది.

బంతి తీసుకునే తీరికెక్కడిది? వెనక అద్దంలోంచి చూశాం. పెద్దాయన వంగి గుంటలోంచి ఆ బంతి తీసి, మా బస్సు కనబడినంతసేపూ తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.