నేను ముంచబోయిన బ్యాంకు

బ్యాంకును ముంచాలంటే పెద్దపెద్ద దొంగలే కావాలె అనుకుంటరు మీరు. అక్కర్లేదు. ఎంబీఏ మొదటి సంవత్సరం పాసైన ఒక పిల్ల, ఆ పిల్ల చేతుల ఒక ఫోను ఉంటే చాలు. ఆ పిల్లను నేనే. ఎట్ల జరిగిందో చెప్త, మీరు నవ్వుకోండ్రి. అప్పుడైతే నాకు నవ్వు రాలే.

ఆ ఎండకాలం నారాయణగూడల ఒక చిన్న సహకార బ్యాంకు హెడ్డాఫీసుల నాకు ఇంటర్న్‌షిప్ దొరికింది. రిస్క్ విభాగం. అంటే బ్యాంకుకు ఏ దిక్కు నుంచి ఏ ఆపద వస్తదో ముందే ఊహించి, దానికి మందు తయారుగ పెట్టుడు. అక్కడ పెద్దసారు రాఘవరావు గారు. లిఫ్టు ఎక్కే ముందు మెట్లు ఏ దిక్కున్నయో చూసుకునే మనిషి.

ఆయన నాకిచ్చిన మొదటి పని ఏందంటే, మన బ్యాంకు మునుగుతున్నదని వదంతి పుడితే ఏమైతదో ఊహించి రాయాలె. నిజంగ జరుగుతున్నట్టే రాయమన్నడు. లేకపోతే బ్రాంచి మేనేజర్లు చదవకుండనే పక్కన పెడ్తరట. ఇగ కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది. "చిక్కడపల్లి బ్రాంచి ముందర జనం గుమిగూడిన్రు. లోపల నగదు అడుగంటింది. షట్టర్ సగం దిగింది" అని రాసుకుంట పోయిన. రాసినంక చదివితే నాకే గుండె దడ పుట్టింది. అట్లయితే ఏం చెయ్యాలె అన్నది కూడా కింద రాసిన. సారుకు చూపిస్తే బాగుందన్నడు, పొద్దున ఆఫీసు వాట్సాప్ గ్రూపుల పెట్టుమన్నడు.

పొద్దున బస్సుల నిలబడే ఆ పని చేసిన. ముందు ఒక మెసేజు: "ఇదంతా ఊహ మాత్రమే, ఎవరూ కంగారు పడొద్దు." దాని వెనుక అసలు కథ. నడుమల డ్రైవరు బ్రేకు కొట్టిండు. ఆ కుదుపుకు నా బొటనవేలు జారింది. మొదటిది ఆఫీసుకే పోయింది గని, రెండోది అశోక్‌నగర్‌ల నేనుండే లేడీస్ హాస్టల్ గ్రూపుకు పోయింది. ఆఫీసోళ్ళకు ఆపద లేకుండ ధైర్యం అందింది, హాస్టలోళ్ళకు ధైర్యం లేకుండ ఆపద అందింది. నేనేమో ఫోను సంచిల వేసుకొని హాయిగ ఫ్లైఓవర్ చూసుకుంట పోయిన.

అశోక్‌నగర్ సంగతి మీకు తెల్వంది కాదు. ఎటు చూసినా సర్కారు నౌకరీకి చదివే పిల్లలే. కరెంట్ అఫైర్స్ కోసం కండ్లల్ల ఒత్తులేసుకొని ఉంటరు. మా హాస్టల్ పిల్లలు నా కథను స్టడీ గ్రూపులకు పంపిన్రు, వాళ్ళు కోచింగ్ గ్రూపులకు పంపిన్రు. పెదవి దాటితే పృథివి దాటుతదని పెద్దలంటరు. బొటనవేలు దాటితే అంతకన్న జల్ది దాటుతది.

ఆఫీసుల అడుగు పెట్టంగనే సారు, "ఊహ మాత్రమే అని పెట్టినవ్. మరి ఆ ఊహ ఏదమ్మా?" అని అడిగిండు. నేను ఫోను తీసేలోపల చిక్కడపల్లి బ్రాంచి మేనేజర్ దగ్గర నుంచి సారుకు ఫోను. షట్టర్ ఎత్తకముందే జనం లైను కట్టిన్రట. సారు నన్ను తోలుకొని ఆటో ఎక్కిండు. అచ్చం నువ్వు రాసినట్టే ఎట్ల అయితున్నదని దారి పొడుగునా పరేషాన్ అయిండు. నాకేమో, సిగ్గు లేకుండ చెప్తున్న, లోపల జర గర్వమే అనిపించింది. నాకు ఇంత ముందుచూపు ఉన్నదా అని.

బ్రాంచి ముందర లైనుల అందరికన్న ముందు మా హాస్టల్ నడిపే పద్మక్క ఉన్నది, చంకల సంచి పెట్టుకొని. పాలమూరు దిక్కు నుంచి కూలికొచ్చి, వంటలు చేసుకుంట హాస్టల్ పెట్టుకునే దాకా వచ్చిన మనిషి. బిడ్డను డాక్టరు చదివించాలని దాచుకున్నదంతా ఈ బ్యాంకులనే ఉన్నది. నన్ను చూడంగనే వచ్చి చెయ్యి పట్టుకున్నది.

"నువ్వు మెసేజ్ పెట్టబట్టి బతికిన శైలూ. నీ మేలు మర్వ."

సారు మెల్లగ నా దిక్కు తిరిగిండు. నేను ఫోను తీసి చూసుకున్న. భూమి చీలి మింగితే బాగుండనిపించింది గని, చిక్కడపల్లి రోడ్డు మీద అన్ని గుంతలుండి కూడా ఆ టైముకు ఒక్కటి నా కాళ్ళ కింద లేకపాయె.

అది అబద్ధం, నేను ఊహించి రాసిందని అందరికి మొత్తుకున్న. ఎవ్వరు నమ్మలే. బ్యాంకోళ్ళు గట్లనే అంటరని ఒక తాత తీర్పు చెప్పిండు. పద్మక్క నన్ను పక్కకు తీసుకపోయి, "నిజం చెప్పు. నా బిడ్డ చదువు ఆగిపోతదా?" అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు, నేను దేనితోని ఆటలాడిననో.

సారు తిడ్తడనుకుంటే, "ఇట్లయితే ఏం చెయ్యాలని రాసినవో చదువు" అన్నడు. ఫోనుల చూసి చదివిన. షట్టర్ నిండ ఎత్తాలె. అడిగినోళ్ళకు అడిగినంత ఇయ్యాలె. పెద్దోళ్ళకు కుర్చీలు, అందరికి మంచినీళ్ళు. సారు హెడ్డాఫీసుకు ఫోను చేసి నగదు బండి తెప్పించిండు. నేను నీళ్ళ గ్లాసులు పట్టుకొని లైను పొడుగునా తిరిగిన, పెండ్లిల పిల్ల తరఫోళ్ళ లెక్క.

పద్మక్కకు ఆమె పైసలన్ని ఇచ్చిన్రు. సంచి గుండెలకు అదుముకొని బయటికొచ్చింది. రోడ్డు దిక్కు చూసింది, మోటర్‌సైకిళ్ళ దిక్కు చూసింది, మళ్ళ సంచి దిక్కు చూసింది. అడుగు ముందుకు పడలే. తిరిగి లోపలికొచ్చింది.

"గిన్ని పైసలు నేను ఏడ దాచాలె సారూ, బియ్యం డబ్బలనా? అడగంగనే ఇచ్చిన్రంటే మీకాడ ఉన్నట్టే గద. మళ్ళ ఏస్కోండ్రి."

వెనుకున్నోళ్ళు ఒకర్నొకరు చూసుకున్నరు. ముందు ఆ తాతనే నవ్విండు. పగటి అన్నం యాళ్ళకు లైను కరిగిపోయింది. తీసుకున్నోళ్ళల్ల చానామంది మళ్ళ కట్టిపోయిన్రు. నేను బ్రాంచి మెట్ల మీద కూలబడి, పొద్దటి నుంచి పట్టుకున్న ఊపిరి వదిలిన.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోల సారు నా ఫోను తీసుకొని ఆ కథను మొదటి నుంచి చదువుకుంట కూసున్నడు. సర్టిఫికెట్ పాయె, ఇంట్లేం చెప్పాలె అని నేను లెక్కలేసుకుంటున్న.

"రాసింది మంచిగనే ఉంది" అన్నడు ఆఖరికి. "ఒక్కటే తక్కువ. వదంతి ఎట్ల పుడతదో రాయలే."

"ఎట్లని రాయాలె సార్?"

"ఇంటర్న్‌లతోని అని రాయి."

అని, ఆ మనిషి నవ్విండు. ఆయన నవ్వుతడని ఆఫీసుల ఎవ్వరికి చెప్పినా ఇప్పటికీ నమ్మరు.

ఆ ఆటోలనే ఒట్టు పెట్టుకున్న. ఇగ ఈ జన్మల కదిలే బండిల నుంచి ఎవ్వరికి మెసేజు పంప. పండుగ శుభాకాంక్షలైనా సరే, బండి దిగి, నీడకు నిలబడి, గ్రూపు పేరు గట్టిగ బయటికి చదువుకున్నంకనే పంపుత. పక్కనోళ్ళు పిచ్చిదంటే అననీ, బ్యాంకులైతే సల్లగుంటయి.