గెయిన్ మర మీద ఎర్రచుక్క

మా అమ్మాయి గోళ్ళరంగు సీసా మూత తీసిందంటే చాలు, ఆ ఘాటుకు నా పక్కటెముకల్లో దడదడ మొదలవుతుంది. వెంటనే కళ్ళ ముందు, ప్రొద్దుటూరులో మా పాత అంగడి దగ్గర, ఒక సుమో బండి వెనక తలుపు తెరుచుకుంటుంది. అందులో సబ్‌ఊఫర్ పెట్టె ఊపిరి పీల్చి వదులుతున్నట్టు అదురుతుంటుంది. దాని పక్కనే దేవదానం మామ, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు కరుచుకుని, చేతిలో ఎర్ర గోళ్ళరంగు సీసాతో నిలబడి ఉంటాడు.

మాది బట్టల అంగళ్ళవాళ్ళ ఇల్లు. గుడ్డ వేలికి తగలగానే ధర పలికే మనుషుల మధ్య పెరిగి, నేనొక్కణ్ణే దారి తప్పి కార్లకు సీటు కవర్లు, పాటల పెట్టెలు అమ్మే అంగడి పెట్టాను. తెలివి మాత్రం బట్టల అంగడిదే. వాట్లను గజాల్లెక్కన అమ్మేవాణ్ణి. దేవదానం మామ జమ్మలమడుగు మనిషి. మిషన్ బడిలో చదువుకుని, రేడియోలు బాగుచేస్తూ తల నెరిసినవాడు. నా అంగట్లో బిగింపు పనంతా ఆయనదే. చేరిన మొదటి వారమే ఊఫర్ అనే దడదడ స్పీకరు అట్టపెట్టె మీది అంకె చూపించి నన్ను నిలదీశాడు.

“శెట్టీ, ఈ వెయ్యి వాట్లు ఎంతసేపు?”

“ఎంతసేపేంది మామా? వెయ్యంటే వెయ్యే.”

“కన్ను మూసి తెరిచేంతసేపు వెయ్యి. పొద్దన్నించి మాపటిదాకా మోసేది నూటాయాభై. అట్ట మీదుండేది చెప్పే ధరప్పా. లోపలుండేది తెగే ధర. నీకు నేను చెప్పల్లా?”

ఆ ఒక్క మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. ఇన్నాళ్ళూ మొదటి ధరకే సరుకు కొనుక్కున్న వెర్రివాణ్ణన్నమాట! ఆ రోజంతా అంగట్లో ఉన్న ప్రతి పెట్టె వెనకా సన్న అక్షరాలు చదువుతూ తిరిగాను. ఊఫరు రోజంతా ఎంత మోయగలదో, ఆంప్లిఫయరు అంతకంటే కాస్త ఎక్కువే ఇవ్వగలిగి ఉండాలి. ఆపైన దానికి పగ్గం వేసి నడపాలి. మామ సిద్ధాంతం అంతే. పగ్గమంటే ఆంప్లిఫయరు జోరును పెంచి తగ్గించే గెయిన్ అనే చిన్న మర. ఊఫర్ తీగలు విప్పి, ఒకే స్వరం హూమ్మని మోగే సీడీ పెట్టి, మీటరు చూస్తూ ఆ మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పేవాడు. నూటాయాభై వాట్లు మోసే నాలుగు ఓముల ఊఫరుకు ఇరవై నాలుగున్నర వోల్టులు. అక్కడ ఆపి, మర మీదా చుట్టూ ఉన్న రేకు మీదా కలిసేటట్టు గోళ్ళరంగుతో ఒక ఎర్రచుక్క పెట్టేవాడు. తర్వాత ఎవరు కదిలించినా చుక్క రెండు ముక్కలై కనపడుతుంది.

ఎన్నికలొచ్చాయంటే మా వీధికి పండగే, భయమూనూ. రెండు పార్టీల బండ్లూ పాటల పెట్టెలకు మా దగ్గరికే వచ్చేవి. ఒకరి బండి ఉండగా ఇంకొకరి బండి రాకూడదు. అందుకని ఒక పార్టీకి పొద్దున, ఇంకొక పార్టీకి మధ్యాహ్నం. మేమే పెట్టుకున్న పద్ధతి. “రెండు పార్టీలకూ ఒకటే మీటరు” అనేవాడు మామ.

అలాంటి ఒక పొద్దున జమ్మలమడుగు నుంచి కొండయ్య వచ్చాడు. వాళ్ళ నాయకుడి బండ్లన్నిటికీ అతనే పెద్ద. గట్టిగా బేరమాడాడు. బేరం చెడకూడదని ఊఫరు మంచిదే ఇచ్చి, ఆంప్లిఫయరు చిన్నది అంటగట్టాను. అది వంద వాట్లకు మించదు. మామ మొహం చిట్లించి, ఇరవై వోల్టుల దగ్గర ఆపి, చుక్క పెట్టి, భోజనానికి పోయాడు.

“ఏంది శెట్టీ, ముసలోడు దగ్గినట్టుండాది!” అన్నాడు కొండయ్య.

బేరగాడి చెయ్యి ఊరుకుంటుందా? స్క్రూడ్రైవరు తీసి మరను చివరిదాకా తిప్పేశాను. వీధి అదిరింది. కొండయ్య మీసం మెలేసి పోయాడు.

మూడో రోజు పొద్దున కొండయ్య సుమో మళ్ళీ వచ్చింది. తలుపు తీయగానే మాడిన వాసన. వెంట నలుగురు మనుషులు. కొండయ్య నా వైపు చూడలేదు, నేరుగా మామ మీదికి పోయాడు.

“నడిబజార్లో మూగబోయినాది. మొన్న మధ్యాన్నం వాళ్ళ బండి కూడా నువ్వే చేసినావంట గదా. వాళ్ళు చెప్తే మాది కాల్చినావా? నిజం చెప్పు!”

మామ చొక్కా అతని పిడికిట్లో ఉంది. మామ ఒక్క వేలు చాపి, విడిపోయిన ఆ చుక్కను చూపిస్తే చాలు, బయటపడతాడు. చూపించలేదు. నా వైపు చూశాడంతే. నా జీవితంలో అంత తక్కువ మాటల బేరం ఇంకొకటి లేదు.

“కొండయ్యన్నా, చొక్కా వదులు. మర తిప్పింది నేను” అన్నాను. నా గొంతు నాకే మేకపిల్ల గొంతులా వినిపించింది. “చిన్న ఆంప్లిఫయరు ఇచ్చిందీ నేనే.”

పిడికిలి నా వైపు తిరిగింది. మామ మధ్యలోకి వచ్చాడు. “చిన్నదాన్ని అదిలించి పరిగెత్తిస్తే గుక్కతిప్పుకోల్యాక అరుస్తాది కొండయ్యా. ఆ అరుపుకే ఊఫర్లో కాయిల్ కాలేది. దీంట్లో పార్టీ ల్యాదు. సరైంది పెడతా, గంట కూచో.”

కొత్త ఊఫరు, దానికి తగిన ఆంప్లిఫయరు నా అంగట్లోంచే పోయాయి. ఇరవై నాలుగున్నర. చుక్క. కొండయ్యకు ఇంకా నమ్మకం కుదరలేదు.

“ఈసారి కాలితే?”

“కాలదు” అన్నాను.

“అట్లయితే నువ్వే ఎక్కు డిక్కీలో. జమ్మలమడుగు దాకా.”

ఎక్కాను! ఊఫర్ పెట్టెను కౌగిలించుకుని, జెండాల మధ్య, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. దెబ్బ పడ్డప్పుడల్లా కడుపులోని ఇడ్లీలు ఎగిరిపడ్డాయి. అయినా ఏమి శబ్దమది! బరబర లేదు, కీచు లేదు, గుండ్రంగా, లోతుగా, భూమిలోంచి వచ్చినట్టు! భయం పోయి, అరచెయ్యి పెట్టె మీద పెట్టి వెర్రివాడిలా నవ్వుతూ పోయాను. జమ్మలమడుగులో దిగేసరికి పెట్టె గోరువెచ్చగా ఉంది, అంతే. కొండయ్య నా వీపు మీద చరిచిన చరుపు మాత్రం ఊఫర్ కంటే గట్టిగా తగిలింది.

తిరిగొచ్చేసరికి అవతలి పార్టీవాళ్ళు అంగట్లో కూర్చుని ఉన్నారు. “ఏంది శెట్టీ, వాళ్ళ జెండాల్లో ఊరేగినావంటనే?” మామ మీటరు తుడుచుకుంటూ తల కూడా ఎత్తలేదు. “ఒకటే మీటరప్పా. రేపు మీ డిక్కీలో ఎక్కుతాడు.”

మర్నాడు అదీ ఎక్కాను. పులివెందుల దాకా మా పేరు పాకింది, రెండు పార్టీల డిక్కీల్లోనూ పరీక్షకు కూర్చున్న శెట్టి అంగడని.

ఆ మాపుసారి అడిగాను: “మామా, ఆ చుక్క చూపించకుండా గమ్మునుంటివే, ఎందుకు?”

“నీ నోటితో వస్తాదేమోనని చూసినా. ఇంకొంచేపు చూసి చూపిచ్చేవాణ్ణి. నాకేమన్నా దెబ్బలు తినాలని సరదానా?”

మామ పోయి చాలా ఏళ్ళయింది. మీటరు నాకిచ్చిపోయాడు. ఈనాటికీ నేను సీటు కవర్ల దగ్గర, అద్దాల రంగు దగ్గర, చివరికి టీ కప్పు దగ్గర కూడా బేరమాడతాను. మొన్న దువ్వూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు “ఇంకొంచెం పెంచన్నా, ఎవరు చూడొచ్చినారు?” అన్నాడు. స్క్రూడ్రైవరు దాకా పోయిన చెయ్యి చుక్క దగ్గర ఆగింది. “దాని మీద మాత్రం బేరం ల్యాదప్పా” అన్నాను.

అంగట్లో మీటరు పక్కకు చేరిన తన ఎర్ర సీసా కోసం ఇంట్లో మా అమ్మాయి ఇంకా వెతుకుతూనే ఉంది.