తరగని బియ్యం డబ్బా

మా గూడెం కొత్తవీధి చర్చిలో ఆడవాళ్లం అన్నం వండిన ప్రతిసారీ దేవుడికని పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం తెచ్చి ఇస్తాం. ఈ రోజు ఆ బియ్యం పోగుచేసే మరియమ్మత్త నా సంచి ఎత్తి చూసింది.

"ఏటి టీచరమ్మా, వారమంతా కలిపి నాలుగు పిడికిళ్లేనా? పొయ్యి ఎలిగిత్తన్నావా నేదా?"

"ఒక్కదాన్నే కదత్తా, బిస్కెట్లతో గడిచిపోతోంది."

"నీకు బుద్ధి పుట్టకపోతే, ఆ దేవుడి పిడికెడు కోసమైనా వొండాల కదమ్మా!"

ఇవాళ్టి ప్రసంగం బైబిల్లోని సారెపతు ఊరి విధవరాలి గురించి. కరువులో ముందు దైవజనుడికి రొట్టె చేసి పెట్టాక, ఎంత వాడినా ఆమె కుండలో పిండి తరగలేదట. నా బియ్యం డబ్బా కూడా తరగడం లేదు, కాకపోతే అది అద్భుతం కాదు.

సాయంత్రం వండాను. ముందు పిడికెడు తీసిపెట్టాను. ఒంటరిగా ఉండేవాళ్లూ, నిజం చెప్పండి, ఈ పూట పొయ్యి వెలిగించారా?