పాత ఇంజిన్‌కి కొత్త నీలం

రైలింజిన్‌ను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడడం వేరు, నేల మీద నిలబడి చూడడం వేరు. గుడియాత్తం స్టేషన్లో చిన్నప్పటి నుంచి నేను చూసిందంతా సగం ఇంజినే. మిగతా సగం గట్టు కింద దాక్కుని ఉంటుందని నలభై మూడేళ్లు వచ్చేదాకా నాకు తట్టలేదు. కాట్పాడికి ఇవతల ఒక సరుకు రైళ్ల కంపెనీ షెడ్డులో, పనికి చేరిన రోజు కంకర మీద చెప్పులతో నిలబడి, మొదటిసారి ఇంజిన్ మొత్తం చూశాను. చక్రమే నా ఛాతీ దాకా వచ్చింది. దాని పైన మా ఇంటికంటే పొడుగైన ఇల్లు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డానని తోటి ఆడవాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. దాన్ని చూసి నోరు తెరవని వాళ్లకు నోరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అది కొత్త డీజిల్ ఇంజిన్. ఒళ్లంతా నీలం, నడుముకు పసుపు పట్టీ. డ్రైవరు దాన్ని స్టార్టు చేసినప్పుడు చప్పుడు చెవులకంటే ముందు కాళ్లకు తెలిసింది. చెప్పుల కింద కంకర వణికింది. బెంచీ మీద పెట్టిన టీ గ్లాసులో వలయాలు లేచాయి. గుడిలో హారతి వేళ గంటలన్నీ ఒక్కసారి మోగితే గుండె ఎలా ఝల్లుమంటుందో నాకు అలాగే అయింది, చేతులు జోడించబోయి సిగ్గుపడి కొంగు సర్దుకున్నాను.

నెల తర్వాత పాతది వచ్చింది. తనంతట తాను రాలేదు, ఇంకో ఇంజిన్ ఈడ్చుకొచ్చింది. పెద్ద లైన్లన్నీ కరెంటుకు మారిపోయాక డీజిల్ ఇంజిన్లు ఎక్కడికక్కడ పనిలేక కూర్చున్నాయి. వాటిలో ఇంకా సత్తువ ఉన్నవాటిని ఏరుకుని మా కంపెనీలాంటి చిన్నవాళ్లు కొనుక్కుంటారు. పెద్ద లైను మీది వ్యాగన్లను గోడౌన్ల దాకా లాక్కెళ్లడమే మా ఇంజిన్ల పని. అలాంటి పాతవి మూడు రావాల్సి ఉంది, ఇది మొదటిది.

రంగుల సెక్షన్లో నలుగురం ఆడవాళ్లం. నా పని గీకడం. ఉప్పుకాగితం పట్టుకుని గుండ్రంగా రుద్దుతుంటే ఆ పాత ఇంజిన్ ఒంటి మీద ఒక రంగు కింద ఇంకో రంగు బయటపడింది. పైన వెలిసిన ఎరుపు, దాని కింద గోధుమ, ఇంకా కింద ఆకుపచ్చ, అట్టడుగున మళ్లీ ఒక నీలం. ఏయే ఊళ్లు తిరిగిందో, ఏ షెడ్డులో ఎవరు పూశారో. ఆకుపచ్చ పొరలో ఒకచోట కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది. ఎవరో నాలాంటి మనిషే, తొందరలో చూసుకోలేదు. ఆ వెంట్రుకను గీకడానికి చాలాసేపు నాకు చేయి రాలేదు.

మా మేనేజరు తమిళాయన, మాట తక్కువ మనిషి. కొత్తదీ పాతదీ జోడు కట్టి మొదటి బండి నడపాలని పైవాళ్ల కోరిక, రెంటిలో ఏది పాతదో ఎవరూ కనిపెట్టకూడదు. పెయింటు షాపువాళ్లు మిషన్లో కలిపి పంపిన డబ్బా మూత తీసి చూసి ఆయన పెదవి విరిచాడు. ఇలాగైతే మూడు ఇంజిన్ల పనీ బయటి కంట్రాక్టుకు ఇచ్చేసి, ఈ సెక్షన్ ఎత్తేయడం మేలన్నాడు. నాకు ముక్కుమీద కోపం, దాని పక్కనే నోరు. నలుపు ఎక్కువైందనీ, పచ్చ చాల్లేదనీ, నాకు వదిలితే నేను కలుపుతాననీ వెనక నుంచి అనేశాను. ఎవరు నేర్పారని అడిగాడు. మా నాయన గుడియాత్తంలో నూలుకు రంగులేసేవాడని చెప్పాను. సరే, వచ్చే వారం శుక్రవారం మొదటి బండి, ఆ లోపల అయిపోవాలన్నాడు. చేతిలో పది రోజులున్నాయి.

మా నాయన మామూలు రంగులవాడు కాదు. రంగులేసే మా పట్టడ కొట్టంలో గోడకు ఒక పెద్ద మేకు ఉండేది. వేసిన ప్రతి రంగుకూ ఒక చిన్న చిలప, అదే నూలు చుట్ట, మచ్చుగా ఆ మేకుకు తగిలించేవాడు. పదేళ్ల కిందటి లుంగీ తెచ్చి ఇదే రంగు కావాలంటే, మేకు దగ్గరికి పోయి చూడకుండానే చిలప లాగేవాడు. ఆ మేకుకు నా చేతి రంగు ఒక్కటి కూడా ఎక్కలేదు. పద్దెనిమిదేళ్లు ఆయన పక్కన తొట్లు కలిపాను, బాగుందనేవాడు, మేకు వైపు మాత్రం చూసేవాడు కాదు.

ఆ పట్టడ మూతపడడానికి కారణం నీలమే. ఆయన వేసిన నీలాలు మరీ ఘాటుగా, కళ్లల్లో పొడిచేటట్టు వస్తున్నాయని ఎదురింటి ముదలాళి, మగ్గాల యజమాని, రెండుసార్లు సరుకు వెనక్కి పంపాడు. ముప్పై ఏళ్ల స్నేహం. నా రంగునే తప్పు పడతావా అని మా నాయన ఆయన గుమ్మం తొక్కడం మానేశాడు. కొన్నాళ్లకు తొట్లు బోర్లించేశాడు. ఎదురెదురు ఇళ్లు, ఆరేళ్లు మాటల్లేవు.

ఇంజిన్ పని నా మెడకు చుట్టుకున్నప్పుడు మా నాయన తొరపాడిలో మా ఇంట్లోనే ఉన్నాడు. వేలూరులో కళ్లకు ఆపరేషన్ చేయించాం, రెండు కళ్లల్లోనూ శుక్లం పొర తీశారు. నల్లద్దాలు పెట్టుకుని గదిలో కూర్చుని, ఇంజిన్లు ఎట్లుంటాయి, ఎంత ఎత్తు, ఏం రంగు అని నా ప్రాణం తోడేసేవాడు. నెమలికంఠం కంటే ఒక పాలు తక్కువ, మైలుతుత్తం కంటే ఒక పాలు ఎక్కువ అని చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పట్టడ మూశాక నీలం ఊసెత్తితే ఆయన అంతే.

నేను రంగు కలిపాను. కొత్త ఇంజిన్ పక్కన రేకుముక్క పెట్టి చుక్క చుక్కగా పోసి, తడిమీద అచ్చం అదే వచ్చేదాకా కలిపాను. ఇక్కడే నా తెలివి తెల్లారింది. తడి నూలు అబద్ధమాడుతుందని మా నాయన మాట. తడిమీద ముదురుగా కనబడి, ఆరితే తేలిపోతుంది, అందుకే తొట్టిలో ఎప్పుడూ ఒక మెట్టు ముదురు దించాలి. ఆ మాట నా ఎముకల్లో ఉంది. అలవాటుగా ఇంకో గరిటె ముదురు కలిపేశాను. రేకును తెల్లారేదాకా ఆరనిచ్చి చూడొచ్చు కదా? చూడలేదు. ఆగడం నా జాతకంలో లేదు. రెండు రోజుల్లో ఇంజిన్ మొత్తం పూసేశాం.

ఆరాక చూస్తే అది తేలలేదు. ఇంకాస్త ముదిరింది. నూలు ఆరుతూ రంగును వదులుకుంటుంది, ఇనుము మీది పెయింటు ఆరుతూ ఇంకా బిగుస్తుంది. ఆ సంగతి నాకెవరు చెప్పాలి? ఇంజిన్లు రెండూ వేరువేరు పట్టాల మీద, మధ్యలో షెడ్డు గోడ. మేనేజరు వచ్చి పాతదాన్ని చూసి బాగుందన్నాడు. తోటివాళ్లు నా చెవిలో, నోరు మూసుకో, ఆ రోజు అందరూ పూలదండలు చూస్తారు గానీ నీ రంగెవరు చూస్తారన్నారు. నోరు మూసుకున్నాను, జన్మలో మొదటిసారి.

ఆ సాయంత్రం కోపమంతా మా నాయన మీద పోశాను. నీ సూత్రమే నా కొంప ముంచిందని అరిచాను. కంటి ఆపరేషన్ అయిన ముసలాయన మీద అరవడం తప్పే, అరిచాను. ఆయన ఓపిగ్గా విని, రేపు నన్ను తోడుకుని పో అన్నాడు.

మరునాడు ఆదివారం, షెడ్డులో పని లేదు. వాచ్‌మన్ను బతిమాలి లోపలికి తీసుకుపోయాను. మొదట కొత్త ఇంజిన్ దగ్గరికి నడిపించాను. ఆయన నల్లద్దాలు తీసేశాడు. ఎండ పడుతోంది, ఆ నీలం నిండుగా ఉంది. ఆయన ఒక్క అడుగు వెనక్కి వేసి, నా భుజం పట్టుకున్నాడు. ఇంజిన్ పెద్దదని బెదిరాడేమో అనుకున్నాను. ఆయన చూస్తున్నది ఇంజిన్ను కాదు.

"అమ్మా, నీలం ఇట్లుంటాదా?" అన్నాడు. "ఇన్ని దినాలు ఇది యాడికి పోయింది?"

ఆయన ఇంజిన్ దగ్గరికి పోయి ఆ రేకు మీద అరచేయి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నడిచాడు. నేను మొదటి రోజు చూసినదానికంటే ఎక్కువ చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. జన్మంతా నీలంతో బతికిన మనిషి, నీలాన్ని అప్పుడే పుట్టిన బిడ్డను చూసినట్టు చూశాడు. అంతసేపూ నేను కదల్లేదు. ఆ తర్వాత గోడ అవతలికి, పాతదాని దగ్గరికి తీసుకుపోయాను. ఇట్టే చెప్పేశాడు, రెండు మెట్లు ముదురని.

"తడి మాట నేను నూలుకు చెప్పినా," అన్నాడు. "ఇనుముకు చెప్పలేదు గదమ్మా."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఇప్పుడే గుడియాత్తం పోదామన్నాడు. పట్టడ తాళం తీసి నేరుగా మేకు దగ్గరికి పోయాడు. పాత నీలాలు ఒక చేతిలో, చివరి మూడేళ్ల నీలాలు ఇంకో చేతిలో పట్టుకుని వాకిట్లో వెలుతురులోకి వచ్చాడు. పాతవి నిండు కుండల్లా ఉన్నాయి. చివరివి మటుకు, ఏం చెప్పను, కళ్లల్లో పొడిచాయి. ఆ మూడేళ్లూ నేను పక్కనే ఉన్నాను. నాకు తెలుసు. ఆయన కోపానికి జడిసి చెప్పలేదు. కంట్లో పొర పసుపు తిరిగి నీలాన్ని మింగేస్తుంటే, చాల్లేదు చాల్లేదని ఆయన ఇంకా ఇంకా నీలం పోశాడు.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా, ఆ చిలపలతోనే వీధి దాటాడు. ఎదురింటి ముదలాళి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను మా గడపలోనే ఆగిపోయాను.

"అన్నా, నువ్వు చెప్పిందే నిజం," అన్నాడు మా నాయన. "రంగు తప్పినాది. నా కన్ను చెడిపోయి, నిన్ను అన్నాను."

ఇంజిన్ స్టార్టయినప్పుడు కాళ్ల కింద నేల వణికిందని చెప్పానే, అది ఎంత. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఊరంతా రంగుల దేవుడన్న మనిషి, నడివీధిలో తన తప్పు తన చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అంత పెద్దదాన్ని నేను అంతకుముందు చూడలేదు.

ముదలాళి తన ఒంటి మీది లుంగీ అంచు ఎత్తి చూపించాడు. ఆ కళ్లల్లో పొడిచే నీలమే. అమ్ముడుపోనివన్నీ ఇంట్లోనే కట్టుకుంటున్నారట.

"ఆరేండ్లు ఉతికినామప్పా," అన్నాడు. "ఇంకా దిగలేదు చూడు. కూర్చో."

సోమవారం పొద్దున మేనేజరు రాకముందే షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాను. రంగు రెండు మెట్లు ముదిరిందనీ, తప్పు నాదేననీ, శుక్రవారంలోగా మళ్లీ పూస్తాననీ, లేదంటే కంట్రాక్టుకు ఇచ్చేయమనీ చెప్పాను. ఆయన ఇంజిన్ దగ్గరికి వచ్చి, ఒక్క నిమిషం చూసి, తనకు తేడా తెలియలేదన్నాడు. చెప్పకపోయి ఉంటే అయిపోయేదన్న ఆశ ఒక్క క్షణం నన్ను కుట్టింది. ఆయన మాత్రం, తెలియనప్పుడు తెలిసినవాళ్ల మాట వినాలి కదా అని, పని మొదలుపెట్టమన్నాడు. తోటివాళ్లు నన్ను రెండు రోజులు తిట్టుకుంటూనే ఉప్పుకాగితం పట్టారు. ఈసారి రేకుముక్కను రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున చూసి, ఆ తర్వాతే రంగు చిమ్మే గన్ను పట్టుకున్నాను.

శుక్రవారం ఉదయం పాతదాన్ని మెల్లగా వెనక్కి తోసి కొత్తదానికి తగిలించారు. కప్లింగ్ కొక్కెం పడిన చప్పుడుకు షెడ్డు రేకులు మోగాయి. పసుపు పట్టీ ఒకదాని నడుము నుంచి ఇంకోదాని నడుముకు గీత గీసినట్టు సాగింది. నీలం ఎక్కడా తెగలేదు. రెండు ఇంజిన్లూ ఒక్కసారి గర్జించి, వెనక వ్యాగన్ల వరుసను లాక్కుంటూ కదిలాయి. లోపల ఎరుపూ గోధుమా ఆకుపచ్చా, ఆ కుంచె వెంట్రుక చోటూ అన్నీ మోసుకుని, ఆ పాతది కొత్తదానితో జతగా తలెత్తుకుని పోయింది. ఏది పాతదో చెప్పమని మేనేజరు, చూడ్డానికి నాతో వచ్చిన మా నాయన్ను అడిగాడు. మా నాయన నల్లద్దాలు తీసి చూసి, మళ్లీ పెట్టుకుని, తెలియలేదన్నాడు. తెలిసినా చెప్పే మనిషి కాదని నాకు అనుమానమే.

సెక్షన్ నిలిచింది, మిగతా రెండు ఇంజిన్లూ మా చేతికే వచ్చాయి. అవన్నీ మా నాయనకు చెబుతుంటే, డబ్బాలో ఆ నీలం కొంచెం మిగిలిందా అని అడిగాడు. తెచ్చిచ్చాను. తెల్ల నూలు చిలప ఒకటి తీసి అందులో ముంచి దండెం మీద ఆరేశాడు. ఆరాక అది కర్రలాగా బిగుసుకుపోయింది, మడతే పడదు. ఆ కర్రను తీసుకుని గుడియాత్తం పోయి, పట్టడ తెరిచి, తన చివరి చిలప పక్కన మేకుకు తగిలించాడు.