తాళం పడ్డ ఫోను, అత్త చేతి వాచ్

కామాటిపురాలోని మా వరసగదుల చాల్‌లో పగలంతా తలుపులు తెరిచే ఉంటాయి. నేను గ్రాంట్ రోడ్ దగ్గర ఒక ఇంట్లో వంటకు వెళ్తూ, అత్త కోసం నా ఫోను కిటికీలో పెట్టిపోతాను. దానికి తాళం ఉండేది కాదు. అవసరమైతే ఇరుగుపొరుగు ఎవరైనా తీసి మాట్లాడాలి కదా!

అత్తకు గుండెదడ అని మా ఆయన స్మార్ట్‌వాచ్ కొన్నాడు. నా ఫోనుతో జత చేయబోతే, ఫోనుకు పిన్ పెడితేనే పనిచేస్తానంది. పెట్టాం.

ఒక మధ్యాహ్నం అత్త కళ్లు తిరిగి పడిపోయింది. సొంత ఫోను లేని పక్కగది బాలవ్వ మా ఆయనకు ఫోన్ చేద్దామని వాచ్ నొక్కితే, ఫోను తెరిచి అనుమతి ఇమ్మంది. ఫోను తీస్తే పిన్ అడిగింది. పాపం, చెప్పుల్లేకుండా నేను వంటచేసే ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"నీ ఫోను తెరుసుకుంటలేదే! మీ అత్త పడ్డది, జల్దీ దా!"

అత్త బతికింది గానీ నా కోపం చల్లారలేదు. ప్రాణం మీదికొస్తే వాచూ ఫోనూ ఒకదాని మీద ఒకటి చెప్పి తప్పుకుంటాయా? ఎవరి నుంచి కాపాడాయట, బాలవ్వ నుంచా?

ఆస్పత్రిలో కళ్లు తెరిచి అత్త అడిగిన మాట ఇప్పటికీ మరిచిపోలేను.

"నా పానం కాయనీకి గడియారం కట్టి, తాళంచెవి నీ తలకాయల వెట్కొని పోయినవా బిడ్డా?"