దగ్గని మనిషి

ముత్తుకూరు దగ్గర బొగ్గు లారీల మీద టార్పాలిన్ పట్టాలు కప్పి తాళ్ళు కట్టే హెబ్రోనుకు ఊళ్ళో రెండు విషయాల్లో మంచి పేరుంది. ఒకటి, అతను బిగించిన తాడు లారీ ఎంత దూరం పోయినా సడలదు. రెండోది, పదిహేడేళ్ళ వయసులో కాలువలో బాప్తిస్మం తీసుకున్న రోజున, తక్కిన కుర్రాళ్ళందరూ ఉక్కిరిబిక్కిరవుతూ ఒడ్డుకొస్తే, అతను మాత్రం ఒక్క దగ్గయినా దగ్గలేదు. నిబ్బరమంటే అట్టుండాలని ఆనాటి సంఘపెద్దలు మెచ్చుకున్నారు. ఆ మాట పెళ్ళిచూపుల దాకా పోయింది. పుష్పకుమారి తల్లి ఈ అల్లుణ్ణి ఒప్పుకోవడానికి అదీ ఒక కారణం.

మొదటిది నిజం. రెండోదీ ఒక రకంగా నిజమే. మునగనివాడికి దగ్గెందుకు వస్తుంది?

ఆ రోజు జరిగింది ఇంతే. తెల్లబట్టలు వేసుకుని వరసలో నిలబడ్డవాడు, వెనకవాళ్ళకు దారిస్తూ దారిస్తూ ఆఖరివాడై మిగిలాడు. అతని ముందువాణ్ణి పాస్టరు అయ్యగారు నీళ్ళలోకి వెనక్కి వాల్చి, ముంచి లేపగానే, వాడు గుడ్లు తేలేసి అయ్యగారి చొక్కా పట్టుకుని వేలాడాడు. అది చూశాక హెబ్రోనుకు కాళ్ళు కదల్లేదు. చిన్నప్పటినుంచీ అతనికి నీళ్ళంటే హడలు. చెంబుతో పోసుకోవడమే తప్ప తల ముంచి ఎరగడు. మెల్లిగా తుమ్మచెట్ల వెనక్కి జారుకుని, అక్కడి కాలువ అంచున దోసిళ్ళతో తలమీద నీళ్ళు గుమ్మరించుకుని, బట్టలు బాగా తడిపి, తడిసినవాళ్ళ మధ్యకొచ్చి నిలబడ్డాడు. చూపు మందగించిన ఆనాటి అయ్యగారు అందరితో పాటు అతనికీ కుడిచెయ్యి కలిపి సంఘంలో చేర్చుకున్నారు.

వచ్చే ఏడు ఎలాగోలా మునిగేద్దాంలే అనుకున్నాడు. కానీ ఒకసారి మునిగాడని పేరు పడ్డవాడు మళ్ళీ ఏమని మునుగుతాడు? బాప్తిస్మం అయినవాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. కానివాళ్ళు పళ్ళెం వస్తే ముట్టుకోకుండా పక్కవాళ్ళకు అందిస్తారు. మొదటి ఆదివారం పళ్ళెం తన ముందుకొచ్చినప్పుడు హెబ్రోను అందించలేకపోయాడు, ఎందుకని అడుగుతారు కదా. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ తరవాత నెలనెలా వేసుకుంటూనే ఉన్నాడు. మొదట్లో అది గొంతు దిగేది కాదు. పోనుపోను అలవాటైపోయింది.

ఈ వేసవిలో సంఘంవాళ్ళు సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో యూత్ క్యాంపు పెట్టారు. రాత్రి పడక అక్కడే కాబట్టి ఆడపిల్లలు తల్లినో తండ్రినో వెంటబెట్టుకు రావాలన్నారు. రొయ్యల షెడ్డులో సీజను పని, తనకు సెలవు దొరకదంది పుష్పకుమారి. అందుకని పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న కూతురు ఫ్లోరా వెంట తండ్రే బయలుదేరాడు. క్యాంపు పనులు చూసే సుశీల్ కుమార్ అతన్ని చూసి పండగ చేసుకున్నాడు.

"అన్నా, దేవుడే పంపించినాడు నిన్ను! షామియానా గాలికి లేచిపోతా ఉండాది, రా, రా."

హెబ్రోను పొద్దుగూకేదాకా తాళ్ళు బిగిస్తూనే ఉన్నాడు. లోపల పిల్లలు పాటలు పాడారు, ఆటలు ఆడారు, వాక్యం విన్నారు. ఆఖర్న పాస్టరు క్రీస్తురాజు గారు, రేపు పొద్దున సముద్రంలో బాప్తిస్మం ఇస్తామనీ, తీర్మానం చేసుకున్నవాళ్ళు లేచి నిలబడమనీ అన్నారు. నలుగురైదుగురు లేచారు. వాళ్ళలో ఫ్లోరా ఉంది.

కూతుర్ని చూసి తండ్రికి ముందు సంతోషమే కలిగింది. ఆ వెనకే పళ్ళెం సంగతి గుర్తొచ్చింది. ఇకమీదట పిల్ల తన పక్కనే కూర్చుని, హక్కుగా రొట్టె తీసుకుంటుంది. అదే పళ్ళెంలోంచి తను దొంగతనంగా తీసుకోవాలి. పుష్పకుమారి పక్కన ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు గానీ, బిడ్డ పక్కన తనవల్ల కాదనిపించింది.

అన్నాలప్పుడు ఫ్లోరా పళ్ళెం పట్టుకుని వచ్చి ఇసకలో అతని పక్కన చతికిలబడింది.

"నాన్నా, ముంచినప్పుడు ఎట్లుండింది నీకు?"

"ఏముందమ్మా. మునగడం, లేవడం."

"అది కాదు. ముక్కులోకి నీళ్ళు పోయినాయా? కళ్ళు మూసుకున్నావా?"

"అంతా అయ్యగారే చూసుకుంటారులే."

"నాకు భయంగా ఉండాది నాన్నా. నీళ్ళలో తల పెట్టాలంటేనే ఊపిరాడనట్టయితాది. నువ్వు ఒక్క దగ్గు గూడా దగ్గలేదంట గదా, అమ్మ చెప్పింది. ఎట్ట చేసినావో చెప్పు, నేనూ అట్టనే చేస్తా."

హెబ్రోను కలిపిన పప్పుచారన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలిపాడు. ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకున్నాడు. కానీ ఆ కల్పించిన ఉపాయం నమ్మి పిల్ల సముద్రంలో దిగుతుంది.

"చెప్పవా? అయితే ఇప్పుడు మానేస్తాలే," అంది ఫ్లోరా. "వచ్చే ఏడు తీసుకుంటా."

ఆ మాట అతనికి బాగా తెలుసు. దాని వెంట ఎన్నేళ్ళు వస్తాయో కూడా తెలుసు.

"వచ్చే ఏడు అనబాక," అన్నాడు. "నేను దగ్గలేదు. ఎందుకంటే నేను మునగలేదు."

తుమ్మచెట్ల సంగతి మొత్తం చెప్పాడు. దోసిళ్ళతో నీళ్ళు గుమ్మరించుకోవడం దగ్గర ఫ్లోరా ఫక్కున నవ్వింది. తండ్రి నవ్వకపోవడం చూసి ఆగిపోయింది.

"మరి బల్ల తీసుకుంటావు గదా?"

"తీసుకుంటా."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"అమ్మకు తెలుసా?"

"తెలీదు."

ఫ్లోరా లేచి పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళింది. మళ్ళీ ఇటు రాలేదు. నేరుగా ఆడపిల్లలు పడుకునే షెడ్డులోకి వెళ్ళిపోయింది. హెబ్రోనుకు తన పెళ్ళాం ముందు, సంఘం ముందు ఎన్నడూ రాని సిగ్గు ఆ ఇసకలో కూర్చుని ఉండగా వచ్చింది.

తెల్లవారగానే పాస్టరు గారి దగ్గరికి పోయి అంతా చెప్పేశాడు. క్రీస్తురాజు గారు హెబ్రోను కంటే వయసులో చిన్నవారు.

"ఇన్నాళ్ళూ నా చేత్తోనే ఇచ్చినాను గదన్నా నీకు రొట్టె," అన్నారు. అది కోపమో బాధో హెబ్రోనుకు తెలియలేదు.

"అవునయ్యగారూ."

"పోయి నిలబడు. అందరికంటే వెనక."

తెల్లబట్టలు తెచ్చుకోలేదు. బనీను, తెల్ల లుంగీతో వరస చివర నిలబడ్డాడు. పిల్లలు గుసగుసలాడుకున్నారు. సుశీల్ కుమార్ పరుగున వచ్చి, "అన్నా, ఇది బాప్తిస్మం వరస," అన్నాడు.

"తెలుసబ్బా. నేనింకా తీసుకోలేదు."

ఆ మాట అంత గట్టిగా ఎలా వచ్చిందో అతనికే తెలియదు. సుశీల్ కుమార్ తువ్వాళ్ళ లెక్కలో ఇంకొకటి కలుపుకోవడానికి పోయాడు.

ఫ్లోరా మొదట వరసలో ముందే ఉంది. వెనకవాళ్ళకు దారిస్తూ దారిస్తూ వచ్చి తండ్రికి ముందు మిగిలింది. అతనివైపు చూడలేదు. నడుంలోతు నీళ్ళలో పాస్టరు గారు అలకూ అలకూ మధ్య సందు చూసి ఒక్కొక్కళ్ళనే ముంచుతున్నారు. ఆమె వంతు వచ్చింది. పిల్ల కదల్లేదు. అప్పుడు తిరిగి చూసింది. నేర్పడానికి తండ్రి దగ్గర ఏమీ లేదు.

"పో తల్లీ. నీ వెనకే వస్తా ఉండా," అన్నాడు.

ఫ్లోరా వెళ్ళింది. మునిగింది, లేచింది, దగ్గింది. అందరూ ఒడ్డున తువ్వాళ్ళ దగ్గరికి పోతుంటే తను మాత్రం నీళ్ళలో నడుచుకుంటూ తండ్రి దగ్గరకొచ్చింది.

"కళ్ళు మూసుకో నాన్నా. ముక్కు అయ్యగారే పట్టుకుంటారు. వెనక్కి వాల్చేటప్పుడు బిగబట్టబాక, ఒళ్ళు వదిలెయ్. చెవుల్లో గుయ్యిమంటాది. అంతే, అయిపోతాది."

అతను తలాడించి ముందుకు నడిచాడు. కూతురు చెప్పినట్టే కళ్ళు మూసుకున్నాడు, ఒళ్ళు వదిలేశాడు. లేచాక పట్టుకుంది దగ్గు. పాస్టరు గారి భుజమ్మీద వాలిపోయి, కళ్ళవెంట నీళ్ళు కారేలా దగ్గాడు. ఒడ్డున పిల్లలంతా పగలబడి నవ్వారు. ఫ్లోరా కూడా నవ్వింది.

బట్టలు మార్చుకున్నాక ఫ్లోరా తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, నా బాప్తిస్మం అయిపోయింది. నాన్న దగ్గినాడు."

"ఏమైందే, జలుబు చేసిందా? ఇసకలో పడుకున్నాడా రాత్రి?" అని పుష్పకుమారి కంగారు పడింది.

ఫ్లోరా జవాబు చెప్పకుండా ఫోను తండ్రికిచ్చింది. హెబ్రోను దాన్ని చెవికి ఆనించుకుని, ఒకసారి గొంతు సవరించుకుని, కాలువ దగ్గరనుంచి మొదలుపెట్టాడు.