కవరమ్మ లాంచీ ప్రయాణం

లాంచీల రేవులో ఆమెను కవరమ్మ అనని వాళ్ళు లేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు టికెట్ల గదిలో కూర్చునే పెద్దాయనకు కూడా తెలియదు. వానకు తల మీంచి దిగేసుకునే పల్చటి ప్లాస్టిక్ కవర్లు అమ్మేది. ఒక్కసారి వేసుకుని పారేసే రకం. మడత మీద ఉన్నప్పుడు గుప్పిట్లో పట్టేంత. విప్పితే మోకాళ్ళ దాకా మనిషి మునిగిపోయేవాడు.

జలాశయానికి అవతలి కొసన కొండ మీంచి దూకే జలపాతం ఉంది. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు. లాంచీకి పైకప్పు లేదు. ఆకాశం కరుణించినా జలపాతం తుంపర కరుణించదు. అందుకని లాంచీ ఎక్కేముందు అందరూ ఆమె ముందు ఆగేవాళ్ళు. "తల వంచండి బాబూ. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోండి. ఆ, ఇప్పుడు చేతులు" అంటూ చంటిపిల్లలకు చొక్కా తొడిగినట్టు తొడిగి పంపేది. సాయంత్రం తిరిగొచ్చాక ఆ కవర్లను పీకి చెత్తడబ్బా వైపు విసిరేవాళ్ళు. డబ్బాలో పడినవి కొన్ని, గట్టున ఎగిరేవి కొన్ని. ఎగిరేవాటిని ఏరి డబ్బాలో కుక్కి గానీ ఆమె ఇంటికి వెళ్ళేది కాదు. మిగిలిన సరుకు మూటను టికెట్ల గదిలో పెట్టి, ఉత్త చేతులతో వెళ్ళేది. ఇంటికి ఒక్క కవరు కూడా పట్టుకెళ్ళేది కాదు.

ఆ ఇల్లు కోట్ల మాస్టారిది.

కోట్ల మాస్టారంటే ఆమె మొగుడు. రేవుకు దిగే సందులో, ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో కాపురం. రబ్బరు పూత వేసిన మందపాటి గుడ్డతో వానకోట్లు కుట్టేవాడు. "కుట్టు వేశామంటే చిల్లు పొడిచామన్నమాటే. సూది దూరిన ప్రతి చోటా నీళ్ళకు దారి చూపించినట్టే" అనేవాడు. అందుకే ప్రతి కుట్టు మీదా లోపలివైపు రబ్బరు పట్టీ అతికించి ఇస్త్రీపెట్టెతో ఒత్తేవాడు. తర్వాత కోటును తిరగేసి, భుజాల్లో నీళ్ళు నింపి వేలాడదీసేవాడు. పొద్దున్నే లేచి కింద నేల తడిమి చూసేవాడు. పొడిగా ఉంటే ఆ రోజు ఆయన మొహంలో వెలుగు చూడాలి.

అప్పట్లో యాత్రికులు ఆ కోట్లు అద్దెకు తీసుకునే లాంచీ ఎక్కేవాళ్ళు. తడిసి తిరిగొచ్చిన కోట్లను కడిగి, పెరట్లో తీగల మీద ఆరేసే పని ఆమెది. పెళ్ళయిన కొత్తలో పెరడంతా తలల్లేని మనుషులు నిలబడ్డట్టు ఉండేదని నవ్వేది. కూతురు ఆ కోట్ల మధ్యే దాగుడుమూతలు ఆడి పెరిగింది.

తర్వాత కవర్లు వచ్చాయి. మోటారుసైకిల్ మీద ఓ టోకు వ్యాపారి తెచ్చి రేవు గట్టు మీద పోశాడు. ఒకరి చెమట పట్టిన కోటు ఇంకొకరు వేసుకోవడమెందుకు, తెల్లగా పల్చగా ఉన్న కొత్తది వేసుకుని పారేస్తే పోయె అనుకున్నారు జనం. అందులో తప్పు పట్టడానికేముంది. ఒక వానాకాలం పూర్తిగా వచ్చి పోయింది, కోట్లు కొక్కేల మీంచి దిగలేదు. మాస్టారు మెషీన్ ముందు కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. చేతిలో పని లేని మనిషిని కదిలిస్తే ఉరుము, కదిలించకపోతే మబ్బు. ఇంట్లో వంటగిన్నెలు చప్పుడు చేయడం తగ్గించాయి. కూతురి చదువు మధ్యలో ఉంది.

ఒకనాటి పొద్దున ఆమె ఎవరికీ చెప్పకుండా ఆ వ్యాపారి దగ్గర ఓ మూట కవర్లు తీసుకుని రేవులో నిలబడింది. చెప్పకపోతే మాత్రం దాగుతుందా. ఆమె చేత్తో తొడిగిన కవరే వేసుకుని ఒకాయన కొట్టు ముందు నించుని దారి అడిగాడు.

సాయంత్రం ఆమె గడప దగ్గరికి వచ్చేసరికి మాస్టారు మెషీన్ తుడుస్తున్నాడు.

"అమ్ముడుపోయాయా?" అన్నాడు తలెత్తకుండా.

"పోయాయి."

"మంచిది."

ఇంకేమీ అనడనుకుని లోపలికి అడుగు వేయబోయింది. అప్పుడన్నాడు, "అమ్ముకో. నేను వద్దనను, అనడానికి నాకు మొహమెక్కడుంది. కానీ అవి ఈ గడప దాటి లోపలికి రాకూడదు. అంతే."

"రావు లెండి" అంది.

అన్నమాట ఇద్దరూ నిలబెట్టుకున్నారు. ఆయన బడిసంచులకు జిప్పులు మార్చాడు, ప్యాంట్లు పొట్టి చేశాడు, గొడుగులు బాగుచేశాడు. ఇల్లు నడిచింది మాత్రం కవర్ల మీదే. కూతురి చదువు, పెళ్ళి, ఆ తర్వాత ఆయన మందులు, అన్నీ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసినట్టు ఇద్దరూ పైకి కనబడనివ్వలేదు. ఆయన కంచం ముందు కూర్చున్నప్పుడు ఆమె మొహం చూసేవాడు కాదు. ఆమె కూడా చూడమని అడగలేదు. కోపతాపాల్లేని కాపురమే, కాకపోతే మధ్యలో ఒక మాట ముల్లులా గుచ్చుకుని అలా ఉండిపోయింది.

ముసురు పట్టిన ఒక వానాకాలంలో మాస్టారికి ఆయాసం మొదలైంది. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు చేరబడి నిద్రపోయేవాడు. వీధి చివరి డాక్టరు చెవిలో గొట్టం పెట్టుకుని చాలాసేపు విని, అవతలి ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్ళమంది. కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. మిగిలింది లాంచీ.

మర్నాడు పొద్దున మాస్టారు గోడకున్న తన కోటు తీసుకున్నాడు. తనకోసం కుట్టుకున్న ఒకే ఒక్క కోటు అది. ఆమె చేతులు పట్టి తొడిగింది, గుండీలు పెట్టింది. మెట్టు దిగి నాలుగడుగులు వేశాడో లేదో, పక్కింటి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమైందండీ?"

మాస్టారు ఊపిరి కూడదీసుకున్నాడు. "బరువుగా ఉంది" అన్నాడు, వేరెవరో కుట్టిన కోటులో లోపం పట్టుకున్నట్టు. మళ్ళీ కాసేపటికి, "మొయ్యలేకపోతున్నానే" అన్నాడు.

ఆమె గుండీలు విప్పింది. వాన పెద్దదవుతోంది. ఆయన వాన వైపు చూసి, "నీ దగ్గరున్నవాటిల్లో ఒకటి ఇయ్యి" అన్నాడు.

ఇవ్వడానికి ఇంట్లో ఉంటేగా. ఊరందరికీ కవర్లు తొడిగే మనిషి ఇంట్లో ఒక్క కవరు లేదు. "ఇక్కడే ఉండండి" అని చెప్పి, తలమీద తువ్వాలు వేసుకుని రేవుకు పరుగెత్తింది. టికెట్ల గదిలోంచి మూటకు మూటే ఎత్తుకుని తిరిగొచ్చేసరికి ఒంటిమీద పొడి చోటు లేదు. ఒకటి విప్పి దులిపింది.

"తల వంచండి" అంది. రోజూ అందరితో అనే మాటే, ఆయనతో అనడం ఇదే మొదటిసారి.

మాస్టారు తల వంచాడు. కవరు కిందికి దిగాక చేతులు బయటికి రాలేదు. లోపల భుజం దగ్గర ఏదో తడుముతున్నాడు. చంక దాకా వేళ్ళు జరిపాడు, మళ్ళీ వెనక్కి తెచ్చాడు.

"కుట్టు లేదే" అన్నాడు.

"వేడితో అంటిస్తారటండీ."

"చిల్లే లేదన్నమాట." మళ్ళీ ఒకసారి తడిమి, "అదీ సంగతి" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. తనకంటే బాగా కుట్టిన పనివాడి చేతిపని చూసినప్పుడు ఆయన అలాగే అనేవాడు.

లాంచీ మీద యాత్రికులు అప్పటికే కూర్చున్నారు. ఆమె కవర్లు తొడగడానికి రేవులో లేకపోవడంతో గొడుగుల కిందా సంచుల కిందా నక్కారు. ఆమె మూట విప్పి అందరికీ ఊరికే పంచింది. ఎవరైనా జేబులో చెయ్యి పెడితే వద్దని తల ఊపింది. లాంచీ నడిపే సరంగు ఇదంతా చూసి దగ్గరికొచ్చాడు.

"మాస్టారూ, ముందు మిమ్మల్ని ఆసుపత్రి ఒడ్డున దింపేస్తా. వీళ్ళని తర్వాత జలపాతానికి తీసుకెళ్తా."

పక్కనున్న కొత్త పెళ్ళికూతురు తన కవరు టోపీ సర్దుకుంటూ, "మీరు జలపాతం చూడ్డానికి కాదా తాతగారూ?" అంది.

"నేనెప్పుడూ చూడలేదమ్మా" అన్నాడు మాస్టారు.

"మీది ఈ ఊరే కదా?"

"ఈ ఊరే. వెళ్ళేవాళ్ళని తయారుచేసి పంపడంతోనే సరిపోయింది." భార్య వైపు తిరిగాడు. "నువ్వు చూశావా?"

"నాకెక్కడ కుదిరింది" అంది.

మాస్టారు సరంగుతో అన్నాడు, "అటే పోనివ్వు. చూసి వెళ్దాం."

"ఆలస్యమవుతుందండీ" అంది ఆమె. భయం ఆ మాట పట్టుకుని బయటికొచ్చింది.

"ఇన్నేళ్ళు ఆలస్యం చేశాంగా. ఇంకాసేపు."

సరంగు ఆమె మొహం చూశాడు. ఆమె మాస్టారి వైపు చూసింది. సరేనని తల ఊపింది.

జలపాతం ముందు వినబడింది. తర్వాత వాన తెరల్లోంచి కొండ విడివడి, అంత ఎత్తునుంచి తెల్లగా పడుతూ కనబడింది. లాంచీలో అరుపులు, ఫొటోలు. తుంపర మొహాల మీద సూదుల్లా గుచ్చుకుంది. మాస్టారు కేకలేమీ వేయలేదు. బల్లను గట్టిగా పట్టుకుని, నోరు కాస్త తెరిచి, పైనుంచి కిందికీ మళ్ళీ పైకీ చూశాడు. ఆమెకు కవరు మిగల్లేదని అప్పుడు గమనించాడు. తన కవరు అంచు ఎత్తి, "రా" అన్నాడు. ఆ పల్చటి ప్లాస్టిక్ కింద ఇద్దరు పట్టరు. అయినా ఆమె భుజం ఆనించి కూర్చుంది. కవరు మీద నీళ్ళు పడే చప్పుడుకు మాటలు వినిపించడం లేదు. ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నీ కష్టం తిన్నాను. ఒక్కరోజూ బాగుందని అనలేదు."

"ఇప్పుడెందుకండీ అవి" అంది. మొహం తుడుచుకోవాల్సిన పని లేకపోయింది. అందరి మొహాలూ తడిగానే ఉన్నాయి.

ఒడ్డు చేరాక కవరు తీస్తే ఆయన చొక్కా చెమటతో ముద్దగా ఉంది. "చూశావా, పైనుంచి తడవనివ్వలేదు. లోపలినుంచి తడిపింది" అన్నాడు, అంత ఆయాసంలోనూ.

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల నీరు తీశారు. గుండె బాగా నీరసించిందన్నారు. కాస్త ముందొచ్చి ఉంటే అని ఆమె ఒకే ఒక్కసారి అడిగింది. "ఆ కాస్త అంటే కొన్నేళ్ళమ్మా" అన్నాడు అక్కడి డాక్టరు. ఆ మాట విన్నాక ఆమె మళ్ళీ అడగలేదు. కూతురు ఇద్దర్నీ తమ ఇంటికి తీసుకెళ్ళింది. అక్కడ కిటికీ పక్క మంచం మీద ఆయన చలికాలం గడిపాడు. మాటలు తక్కువే గానీ, భోజనం తెచ్చినప్పుడల్లా ముందు ఆమె మొహం చూసి తర్వాత కంచంలో చెయ్యి పెట్టేవాడు. ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు.

మబ్బులు పట్టే రోజులొచ్చేసరికి ఆమె సంచి సర్దుకుంది. కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంకా ఆ గట్టున నిలబడి అమ్ముకోవడమేంటమ్మా? నీకేం తక్కువ ఇక్కడ?"

"తక్కువేం లేదే. చేతులు ఊరుకోవట్లేదు."

"నాన్న ఉంటే వద్దనేవారు."

"అనేవారు కాదు" అంది తల్లి. అని, కూతురి బుగ్గ నిమిరి, చెప్పులు వేసుకుంది.